ఇంటి నీళ్ళు

కమలాక్ష సమాద్దార్ గారితో కాపురంలో ఉన్న పెద్ద ఇబ్బంది ఏమిటంటే, ఆ ఇంట్లో ఎవరూ ప్రశాంతంగా తుమ్మడానికి వీల్లేదు. తుమ్ము పూర్తయ్యేలోపే ఆయన కళ్ళజోడు సవరించుకుని, "మొదలైంది ఎడమ ముక్కులోనా, కుడి ముక్కులోనా?" అని అడుగుతారు. కలకత్తా ట్రాముల్లో ముప్పై మూడేళ్ళు టైమ్ కీపరుగా చేసి రిటైరైన మనిషి, నాలుగు హోమియో పుస్తకాలూ నూట ఇరవై సీసాలున్న ఒక చెక్కపెట్టే పట్టుకుని డాక్టరైపోయారు. ఫీజు తీసుకోరు గనక నాగేర్‌బజార్‌లో ఆయనకి పేషెంట్ల కొదవ లేదు. వాళ్ళకి నయమవుతోందో లేదో ఆయన భార్య అణిమకి తెలియదు గానీ, వచ్చిన వాళ్ళందరికీ టీలు కాచి కాచి ఆవిడ మోకాళ్ళు మాత్రం అరిగాయి. ఆ మోకాళ్ళకీ ఆయన దగ్గర మందుంది. పదకొండేళ్ళుగా వాడుతోంది.

ఆ సోమవారం ఉదయం ఐదింటికి కోడలు తోర్ష ముందుగదిలో అద్దం ముందు నిలబడి జడముడిలోకి పిన్నులు గుచ్చుకుంటోంది. నీల్‌రేఖ ఎయిర్‌లైన్స్‌లో ఆరేళ్ళుగా ఎయిర్ హోస్టెస్. కంపెనీ చెప్పిన రంగు లిప్‌స్టిక్, కంపెనీ కొలిచిన సైజు చెవిదుద్దులు, కంపెనీ ఒప్పుకున్నంత నడుము. ముడిలోంచి రెండు వెంట్రుకలు బయటికొచ్చినా డ్యూటీ ఎక్కేముందు వెనక్కి పంపేస్తారట. పెళ్ళినాడు కూడా ఆ పిల్ల అంత శ్రద్ధగా ముస్తాబవలేదని అణిమ ఆపాటికి చాలాసార్లు అనుకుంది.

"అమ్మా, చూడండి, నా ముఖం నవ్వుతున్నట్టుందా?"

"ఏడుస్తున్నట్టు మాత్రం లేదు. చాలదూ?"

"నాకు చాలు. మా కంపెనీకి చాలదు. నవ్వుకి కూడా మార్కులేస్తారు మాకు."

"మీ మామగారికి వేయిద్దాం ఓసారి. ఫెయిలయిన కాయితం పటం కట్టించి గోడకి పెట్టుకుంటాను."

తోర్ష నవ్వబోయి, మధ్యలోనే ఆవలించింది. వరసగా ఆరోరోజు తెల్లవారుజాము డ్యూటీ. గౌహతి, అగర్తలా, మళ్ళీ గౌహతి. రోజుకి నాలుగు విమానాలు. భోజనం అంటే విమానంలో తెర వెనక ఖాళీ డబ్బా బోర్లించుకుని, దాని మీద కూర్చునీ కూర్చోకుండా మింగే నాలుగు ముద్దలు. మొన్న ఇంట్లో అన్నం కలుపుతూ కలుపుతూ, ముద్ద చేతిలో ఉండగానే కునుకు తీసింది. చేపముల్లు గుచ్చుకుంటుందేమోనని అణిమ ఆ ముద్దని మెల్లిగా విడిపించాల్సి వచ్చింది.

"ఇవాళ ఒంట్లో బాగాలేదని చెప్పకూడదుటే?"

"ఈ నెల ఒకసారి చెప్పానమ్మా. రెండోసారి చెబితే మేనేజర్ ఇప్సిత ఫోన్ చేస్తుంది. తిట్టదు. 'నీ గురించి బెంగగా ఉంది డార్లింగ్' అంటుంది. ఆ బెంగంతా వచ్చే నెల డ్యూటీ చార్టులో కనిపిస్తుంది. పైగా పదిహేనో తారీకున బ్యాడ్జి ఇస్తారు నాకు. అప్పటిదాకా ముక్కు చీదను కూడా చీదను."

కేబిన్ ఇన్‌ఛార్జి బ్యాడ్జి. ఆ పరీక్ష రెండేళ్ళు చదివి పాసయింది. ఇక విమానంలో మిగతా అమ్మాయిల మీద తనే పెద్ద.

అప్పుడే కమలాక్ష భుజాన తువ్వాలుతో వచ్చి, కోడలి ముఖంలోకి లైటు కింద దొంగనోటు చూసినట్టు చూశారు. కోడలిని ఆయన బౌమా అంటారు, మామగారిని ఆ పిల్ల బాబా అంటుంది.

"బౌమా, కళ్ళ కింద నలుపు తిరిగింది. ఏదీ, నాలుక చూపించు."

"లిప్‌స్టిక్ వేసేసుకున్నాను బాబా. ఇప్పుడు నాలుక బయటికి రాదు."

"నరాల బలహీనత. ఓట్స్ టింక్చర్ పది చుక్కలు వేసుకుని వెళ్ళు. సాయంత్రానికి గుర్రంలా ఉంటావ్."

"వద్దు బాబా, వంద సార్లు చెప్పాను. మీ సీసాలో సగం స్పిరిట్టే. మేం నోరు పుక్కిలించే మందు కూడా వాడకూడదు. డ్యూటీ ఎక్కేముందు గొట్టంలో ఊదాలి. సున్నా రావాలి. సున్నా అంటే సున్నా!"

"పది చుక్కల్లో స్పిరిట్టా! మా ట్రాముల్లో ఎవరూ ఊదలేదమ్మా. బళ్ళు నడవలేదూ?"

"మీ ట్రాముల్లో ఊదించి ఉంటే సగం కలకత్తా నడిచి ఆఫీసుకెళ్ళేది బాబా."

ఆయనకి కోపం వచ్చింది. అణిమ వెనకే వంటింట్లోకి వచ్చి, గోధుమరంగు సీసా స్టౌ పక్కన టక్కున పెట్టారు.

"కోడలి నిమ్మరసంలో కలిపెయ్. పది చుక్కలు. తెలియను కూడా తెలియదు."

"ఆ పిల్ల వద్దంది కదండీ."

"వద్దని ఏడిస్తే మన అబ్బాయి శౌభిక్‌కి చిన్నప్పుడు పోలియో చుక్కలు మానేశావా? చూస్తున్నావుగా దాని వాలకం! ఏ మెట్ల మీదో పడితే?"

వాదించడానికి అణిమకి ఓపిక లేకపోలేదు, టైము లేదు. ఐదుంపావుకి కంపెనీ కారు వస్తుంది. పైగా ఆ ముద్ద చేతిలో పట్టుకుని నిద్రపోయిన ముఖం ఆవిడ కళ్ళల్లోంచి పోలేదు. రోజూలాగే లీటరు సీసాలో నీళ్ళు, నిమ్మరసం, ఉప్పు, పంచదార వేసింది. మందు సీసాకి చుక్కలు పడే మూత బిగుసుకుపోయి ఎంతకీ తిరగలేదు. అణిమ తన జన్మలో దేన్నీ కొలిచి వెయ్యలేదు. చేపల పులుసులో ఉప్పయినా, పాయసంలో బెల్లమైనా చేతి అంచనాయే. మూత మొత్తం ఊడబీకి, దాని నిండా ఒకసారి పోసింది. ముందుగదిలోంచి ఇంకో ఆవలింత వినిపించింది. ఇంకో సగం పోసింది.

కింద కారు హారన్ మోగింది. తోర్ష సీసా సంచిలో పెట్టుకుని, "అమ్మా, వస్తా" అంటూ చక్రాల పెట్టె చప్పుడు కాకుండా మెట్ల మీద ఎత్తి పట్టుకుని దిగిపోయింది.

తొమ్మిదిన్నరకి అణిమ ముందుగది మంచం మీద కూరకి పర్వల్ కాయలు గీరుతూంటే కాలింగ్ బెల్ మోగింది. గుమ్మంలో తోర్ష. ముడి చెక్కుచెదరలేదు. లిప్‌స్టిక్ చెదరలేదు. కళ్ళు మాత్రం వాచి ఉన్నాయి.

"అయ్యో, విమానం రద్దయిందా?"

"విమానం వెళ్ళిపోయిందమ్మా. నేను రద్దయ్యాను."

కార్లో నాలుగు గుక్కల నీళ్ళు తాగి, దిగగానే గొట్టంలో ఊదిందట. సున్నా రాలేదట. చిన్న అంకె వచ్చిందట. పరీక్ష చేసే అతను, "కంగారు పడకు, పదిహేను నిమిషాల తర్వాత మళ్ళీ ఊదుదువుగాని, కూర్చుని కాసిన్ని నీళ్ళు తాగు" అన్నాడట. గొంతు ఎండిపోయి కూర్చున్నంతసేపూ తన సీసాలో నీళ్ళు తాగుతూనే ఉందట. రెండోసారి ఊదితే అంకె పెద్దదైంది.

"రక్తం తీసి చూడండి అన్నాను. రూల్లో లేదన్నారు. యంత్రం కాయితం మీద సంతకం పెట్టించుకున్నారు. మూడు నెలలు సస్పెన్షన్." తోర్ష షూ విప్పబోయి, లేసు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది. "సెంటుందా, చేతులకి రాసుకునే శానిటైజరుందా, జుట్టుకి కొట్టుకున్న స్ప్రే ఉందా అని అన్నీ ఆలోచించాను. పొద్దుట్నించి ఏం తీసుకున్నావో రాయమంటే, 'ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్ళు తప్ప ఇంకేమీ తాగలేదు' అని రాసిచ్చానమ్మా."

అణిమ చేతిలో పర్వల్ కాయ జారి మంచం కిందకి దొర్లింది. దాన్ని వెతికే వంకతో ఆవిడ చాలాసేపు వంగే ఉంది.

తోర్ష లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. సీసా సింకు పక్కన ఉంది. అడుగున నాలుగు వేళ్ళ ఎత్తున నీళ్ళు మిగిలాయి. అణిమ మూత తీసి వాసన చూసింది. నిమ్మకాయ వాసన, దాని వెనకాల సన్నగా, ఆయన పెట్టె తెరిచినప్పుడల్లా వచ్చే వాసన. ఆవిడ చెయ్యి ఆలోచన కోసం ఆగలేదు. నీళ్ళు ఒంపేసింది. సబ్బు పెట్టి కడిగింది. చింతపండు పెట్టి మళ్ళీ కడిగింది. వెనక వరండాలో బోర్లించింది. ఆ తర్వాత గానీ చేసిందేమిటో తెలియలేదు.

మధ్యాహ్నానికి కమలాక్ష తీర్పు చెప్పేశారు. ముందురోజు సాయంత్రం పార్క్ స్ట్రీట్‌లో ఎవరో అమ్మాయి ఉద్యోగం మానేస్తోందని తోటివాళ్ళు పార్టీ చేశారు. తోర్ష వెళ్ళింది. చేతిలో గ్లాసుతో నవ్వుతున్న ఫోటో ఫోన్లో తిరుగుతోంది.

"అది నిమ్మ సోడా బాబా."

"అయ్యుండొచ్చు. యంత్రం మరి అలా అనుకోలేదుగా! మా టైములో గడియారం ఆలస్యమంటే ఆలస్యమే. డ్రైవర్ ఏడ్చినా, కాళ్ళు పట్టుకున్నా నేను రాసేసేవాణ్ణి. యంత్రానికి పక్షపాతం ఉండదు."

తోర్ష ఆ పక్కన ల్యాప్‌టాప్‌తో కూర్చున్న మొగుడు శౌభిక్ వైపు చూసింది. అతను ల్యాప్‌టాప్ మూసి, గొంతు సవరించుకుని, చాలా మర్యాదగా, చాలా నెమ్మదిగా అడిగాడు. "ఒక్క గుటక... ఎవరైనా బలవంతపెడితే... అలాంటిదేమైనా జరిగిందా తోర్షా? జరిగితే చెప్పు, నేనేమీ అనుకోను."

ఆ "ఏమీ అనుకోను" అన్నది ఆ పిల్లకి ఎక్కడ తగిలిందో అణిమ కళ్ళారా చూసింది. తోర్ష లేచి, భోజనం పళ్ళెం సింకులో పెట్టి, చేతులు కడుక్కుని, దుప్పటీ దిండూ తీసుకుని కమలాక్ష మందులగది పక్కనున్న చిన్న గదిలోకి మారిపోయింది.

అక్కణ్ణించి ఇల్లు ఇల్లులా లేదు. సిబ్బంది ఫోన్ గ్రూపులోంచి తోర్షని తీసేశారు. బంధువుల్లో ఎవరైనా పోయినా డ్యూటీకి రమ్మని మూడుసార్లు కబురు పెట్టే కంపెనీ, ఇప్పుడు ఆ పేరే ఎరగనట్టుంది. కింది వాటా ఆవిడ చక్కెర అప్పుకి వచ్చి, "మీ కోడలు డ్యూటీకి వెళ్ళట్లేదేం?" అని అడిగి, చక్కెర తీసుకోకుండానే వెళ్ళిపోయింది, కావలసింది దొరికింది మరి. తోర్ష పొద్దున్నే ఐదింటికి లేచేది. అలవాటు. లేచి, ఏం చెయ్యాలో తెలియక, యూనిఫాం ఇస్త్రీ చేసి మళ్ళీ బీరువాలో పెట్టేది. అణిమ టీ ఇచ్చేది, బిస్కెట్లిచ్చేది, తోర్షకిష్టమని ఆవపెట్టి చేప వండేది. ఇంత నిజం కడుపులో పెట్టుకున్న మనిషి చెయ్యగలిగింది వంటే.

నాలుగోరోజు కమలాక్ష చేపల బజారుకి సంచి తీస్తుంటే అణిమ గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"ఏమండీ, ఆ చుక్కల వల్ల కాదుగదా?"

"ఏ చుక్కలు? ఆ పది చుక్కలా? లీటరు నీళ్ళల్లో! చీమ తాగినా తూలదు."

"పది కాదండీ."

"మరి?"

"మూత నిండా ఒకసారి. తర్వాత ఇంకో సగం."

ఆయన సంచి కింద పెట్టేశారు. కళ్ళజోడు తీసి ధోవతి కొంగుతో తుడిచారు. అద్దాలు శుభ్రమయ్యాక కూడా తుడుస్తూనే ఉన్నారు.

"ఇంకెవరితోనైనా అన్నావా?"

"లేదు."

"అనకు. ఊరంతా మందే తప్పంటారు. నా దగ్గరికి పసిపిల్లల్ని తీసుకొస్తున్నారు అణిమా, అర్థం చేసుకో. ఆ సీసా ఏదీ?"

"కడిగేశాను. ఆ రోజే."

"మంచి పని చేశావ్."

నలభై ఒక్క ఏళ్ళ కాపురంలో ఆయన ఆవిణ్ణి మెచ్చుకున్న సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఈ ఒక్కటీ ఆ రోజంతా ఆవిడ గొంతులో మాడిన అన్నంలా అడ్డంపడి ఉంది.

తొమ్మిదో రోజు మంగళవారం ఇప్సిత ఫోన్ చేసింది. తిట్టలేదు. "రేపు పదకొండింటికి రా డార్లింగ్, ఫారం పంపించాను, ప్రింట్ తీసి సంతకం పెట్టి తీసుకురా. తప్పు ఒప్పుకున్న వాళ్ళని కంపెనీ కుటుంబంలా వెనక్కి తీసుకుంటుంది" అంది. ఒప్పుకోని వాళ్ళకి మూడు నెలల తర్వాత కాంట్రాక్టు తిరగరాయరు. ఆ ముక్క మాత్రం ఆవిడ చెప్పలేదు. ఫారం చివర సన్న అక్షరాల్లో ఉంది.

బుధవారం ఉదయం లుచీ పూరీలు పెట్టిన పళ్ళేల మధ్య ఆ కాయితం పడుంది. పైన అచ్చువేసిన మాట: నిషేధించిన వేళల్లో మద్యం సేవించాను, పశ్చాత్తాపపడుతున్నాను. కింద ఇంటి పెద్ద సంతకానికి ఇంకో గీత: ఇకమీదట ఈమె అలవాటును ఇంట్లో మేము కనిపెట్టి ఉంటాము. విమానాల కంపెనీ ఇలా కాపురాల మీద కూడా చౌకీదారు పెడుతుందని అణిమ ఎరగదు.

"నువ్వు తాగలేదుగా, మరెందుకు పెడతావ్?" అంది అణిమ. 

"ఆరేళ్ళు పని చేశానమ్మా. ఇంకో ఉద్యోగానికి వెళ్ళినా ఎందుకు మానేసిందని ఈ కంపెనీకే ఫోన్ చేస్తారు. తాగానని రాస్తే కనీసం ఉద్యోగం ఉంటుంది. తాగలేదంటే నమ్మేవాళ్ళు ఇంట్లోనే లేరు." శౌభిక్ తల దించుకున్నాడు. "బాబా, ఇక్కడ మీ సంతకం."

కమలాక్ష జేబులోంచి కలం తీశారు. అణిమ ఆయన చేతినే చూస్తోంది. ఆ చెయ్యి ఆగుతుందని ఎదురుచూసింది. కలం మూత తిరిగింది. మూతని కలం వెనక తగిలించారు. కాయితం తన వైపు జరుపుకున్నారు.

"ఆగండి!"

అణిమ అంత గట్టిగా అరవగలదని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

"నీళ్ళల్లో టింక్చర్ కలిపాను తోర్షా. ఆ సోమవారం. మీ మామగారు పది చుక్కలన్నారు, మూత రాలేదు, నేను అంచనాగా... నువ్వు అలిసిపోతున్నావని... అన్నం తింటూ నిద్రపోయావు చూడు, అందుకని..."

"అణిమా!" అన్నారు కమలాక్ష.

తోర్ష చేతిలో తుంపిన లుచీ ముక్క అలాగే ఉంది. దాన్ని పళ్ళెంలో పెట్టేసింది. "నాలుక్కి కొంచెం చేదు తగిలింది. నిమ్మగింజ నలిగిందేమో అనుకున్నాను." అణిమ వైపు తిరిగి, "మీకు ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు తిరిగొచ్చిన రోజే."

"బాబాకి?"

అణిమ కమలాక్ష వైపు చూసింది. ఆయన చేతిలో కలం మూత ఇంకా తెరిచే ఉంది. తోర్ష దానివంక చూసి, నవ్వింది. కంపెనీ మార్కులేసే నవ్వు కాదది.

"తెలిసే సంతకం పెడుతున్నారా బాబా? నేను తాగుబోతునని?"

"కూర్చో బౌమా, కూర్చో. ఇప్పుడు మనందరికీ తెలిసిపోయింది కదా, ఇంట్లో ఇక నీకే మచ్చా లేదు. కంపెనీకి చెప్పినా మూడు నెలలు మూడు నెలలే, తగ్గించరు. సంతకాలు పెట్టేస్తే సర్దుకుంటుంది. ఊళ్ళోవాళ్ళకి ఇదంతా చెప్పుకుని ఏం బాగుపడతాం?"

"ప్రాక్టికల్‌గా చూస్తే నాన్న చెప్పింది..." అని శౌభిక్ మొదలుపెట్టాడు.

"నువ్వు అడిగావు చూడు, ఒక్క గుటకా అని," అంది తోర్ష, "మా కంపెనీ వాళ్ళు కూడా అంత మర్యాదగా అడగలేదు. నువ్వు ఊరుకో."

ఆమె కాయితం లాక్కుని మడతపెట్టింది. "ఇంటి పెద్ద సంతకం ఏదని అడిగితే, మా ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరూ లేరని చెబుతాను."

అణిమ గబగబా లోపలికెళ్ళి నేతచీర మార్చుకుని, చెప్పులు వేసుకుని వచ్చింది. "నేనూ వస్తాను."

"ఎందుకు? దారిలో దాహమేస్తే నీళ్ళివ్వడానికా?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. అయినా అణిమ వెనక్కి తగ్గలేదు. ఆటోలో ఇద్దరూ చెరో చివర కూర్చున్నారు. జెస్సోర్ రోడ్డు పొడుగునా తోర్ష బయటికే చూసింది.

కంపెనీ ఆఫీసు ఎయిర్‌పోర్టు పక్క వీధిలో, రెండో అంతస్తు. మేనేజర్ ఇప్సిత గదిలో గోడంతా నవ్వుతున్న ముఖాల ఫోటోలు, వాటి మీద మనమంతా ఒకే కుటుంబం అని రాసి ఉంది. ఆవిడ లేచి వచ్చి అణిమ రెండు చేతులూ పట్టుకుంది.

"ఆంటీ, మీరు రావడం ఎంత బాగుందో! కాఫీయా, టీయా?"

"ఏమీ వద్దమ్మా." అణిమ చెప్పింది. ముక్కలుముక్కలుగా చెప్పింది. సీసా, మూత, నిమ్మరసం, ఆవలింత. ఇప్సిత మధ్యలో ఎక్కడా అడ్డు రాలేదు. అయ్యో పాపం అన్నట్టు తల పక్కకి వంచి విన్నది. ఆ వంపు కూడా ఎక్కడో నేర్పించే ఉంటారు.

"నాకు ఏడుపొస్తోంది ఆంటీ, నిజంగా. కానీ ఫారంలో దీనికి గడి లేదు. మద్యం అంకె వచ్చిందా లేదా, అంతే. నోట్లోకి ఏం వెళ్ళినా బాధ్యత ఉద్యోగిదే."

"ఈ పిల్లని వరసగా ఆరు రోజులు తెల్లవారకముందే లేపారు. దానికి గడి ఉందా?"

ఇప్సిత నవ్వు వెంట్రుకవాసి కూడా చెదరలేదు. "డ్యూటీలు కంప్యూటర్ వేస్తుంది ఆంటీ."

తోర్ష బల్ల మీది కలం తీసుకుంది. అచ్చువేసిన వాక్యం మీద అడ్డంగా గీత కొట్టింది. పైన తన చేత్తో రాసింది: ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్ళలో నాకు తెలియకుండా మందు కలిసింది. నేను తాగలేదు. సంతకం పెట్టి జరిపింది.

"కొట్టివేతలున్న ఫారం పైవాళ్ళు తీసుకోరు డార్లింగ్. నీ మంచికే చెబుతున్నాను. బ్యాడ్జి లిస్టులో ఇప్పటికే వేరే పేరు వెళ్ళింది. కాంట్రాక్టు గురించి కూడా నేను ఇంక..."

"తెలుసు," అంది తోర్ష. "తీసుకోకపోతే చించెయ్యండి. నేను మాత్రం ఇంకోటి రాయను."

బయటికి దారి డ్యూటీ గదిలోంచే. మధ్యాహ్నం విమానాల బస్సు కోసం పాతిక మంది అమ్మాయిలు అవే ముడులతో, అవే పెదవులతో కూర్చుని ఉన్నారు. తోర్ష కనబడగానే మాటలు ఆగాయి. మూల కూర్చున్న ఒకమ్మాయి పక్కదానికి బొటనవేలు నోటి దగ్గర పెట్టి గ్లాసు ఎత్తినట్టు సైగ చేసింది. పక్కది నవ్వాపుకోలేక స్కార్ఫు సర్దుకుంది. మొన్నటిదాకా ఇదే గుంపుతో తెర వెనక ఒకే డబ్బా మీద కూర్చుని ముద్దలు పంచుకుంది తోర్ష. ఇప్పుడు తలుపు వంక చూస్తూ నడిచింది, వేగంగా.

అణిమ ఆగిపోయింది. నలుగురి కంటే ఎక్కువమంది ఉన్నచోట ఆవిడ ఎప్పుడూ నోరు తెరిచి ఎరగదు. చీర కొంగు గట్టిగా పట్టుకుంది.

"అమ్మాయిలూ, ఒక్క నిమిషం. నేను తోర్ష అత్తగారిని."

"అమ్మా, పదండి," అంది తోర్ష తలుపు దగ్గర్నుంచి, పళ్ళ బిగువున.

"ఉండు. ఆ రోజు ఈ పిల్ల తాగలేదమ్మా. దీని నీళ్ళ సీసాలో టింక్చర్ పోసింది నేను. వద్దని అది మొత్తుకున్నా, దానికి తెలియకుండా పోశాను. ఆ నీళ్ళు తాగే మీ గొట్టంలో ఊదింది."

ఎవరి ఫోనో మోగి, వెంటనే ఆగింది. సైగ చేసిన పిల్ల బొటనవేలు ఒళ్ళో దాచుకుంది. తోర్ష గుమ్మం పట్టుకుని నిలబడింది. వెనక్కి తిరగలేదు, బయటికీ అడుగెయ్యలేదు.

"ప్రేమకొద్దీ పోశాను, పొరపాటైపోయింది అని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. పోయడం పొరపాటే కావచ్చు. కానీ తెలిసిన క్షణంలోనే ఆ సీసా కడిగేశాను నేను. అందరూ దీన్ని తాగుబోతంటుంటే విని, తొమ్మిది రోజులు దీని ముఖంలోకి చూస్తూ అన్నం వడ్డించాను." ఆవిడ తలుపు దగ్గరున్న ఆ వీపు వైపు తిరిగి, ఈసారి ఇంకా గట్టిగా అంది. "అది పొరపాటు కాదు తోర్షా. తప్పు. నేను చేశాను."